బ్యాటరీతో నడిచే బోర్డులో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

చెరువుగట్టు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం పక్కన పల్లెటూరు. నాన్నకి రెండు రొయ్యల చెరువులున్నాయి. నీళ్లు చల్లబడితే రొయ్య మేత తినడం తగ్గిస్తుంది. రాత్రిపూట ఎంత చల్లబడుతున్నాయో తెలిస్తే పొద్దున మేత లెక్క సరిగ్గా చూసుకోవచ్చని, పది నిమిషాలకోసారి నీటి ఉష్ణోగ్రత కొలిచి ఇంటికి పంపే చిన్న బోర్డు తయారు చేశాను.

చిప్ ఏటీమెగా328పీ, 8 మెగాహెర్ట్జ్, 3.3 వోల్టులు, ఒక్క లిథియం సెల్. పైన 100 కె (కిలో ఓమ్‌ల) థర్మిస్టర్ (వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గేది, ఎంత తగ్గుతుందో చెప్పే బీటా 3950), కింద 100 కె రెసిస్టర్. వోల్టేజీని పంచే ఈ జతకి, అంటే డివైడర్‌కి, ఒక అవుట్‌పుట్ పిన్ నుంచి కొలిచేటప్పుడు మాత్రమే సప్లై ఇస్తున్నాను. బ్యాటరీ వోల్టేజీ చూడడానికి 1 మెగ్ (మెగా ఓమ్), 1 మెగ్ డివైడర్ ఉంది, అది ఎప్పుడూ ఆన్‌లోనే. ఏడీసీ కొలబద్దగా వాడే వోల్టేజీ (రిఫరెన్స్) 3.3 వోల్టుల సప్లైయే. బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని రెసిస్టర్లన్నీ పెద్దవి పెట్టాను. ఏడీసీ క్లాక్ కూడా 1 మెగాహెర్ట్జ్‌కి పెంచాను, గబగబా చదివేసి నిద్రలోకి వెళ్లిపోతుందని.

లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్, థర్మిస్టర్, బ్యాటరీ ఈ మూడింటినీ వరసగా చదువుతాను. అలా 16 సార్లు చదివి సగటు తీస్తాను. అయినా పక్కనే పెట్టిన ల్యాబ్ థర్మామీటర్ 29.8 చూపిస్తుంటే నా బోర్డు 27.9 అంటోంది. ప్రతిసారీ అంతే తేడా. మూడు రోజులుగా ఇదే టెన్షన్.

టంకం · సోమవారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు థర్మిస్టర్ మార్చి చూడు. చవక రకం అయితే 5 శాతం తేడా ఉండొచ్చు. అదీ కాకపోతే ఏడీఎస్1115 అనే విడి ఏడీసీ మాడ్యూల్ పెట్టెయ్. నీ చిప్‌లో ఉన్నది 10 బిట్లే (1024 మెట్లు), అందులో 16 బిట్లు.

చెరువుగట్టు · సోమవారం రాత్రి 11:02

థర్మిస్టర్ మార్చాను అన్నా. కొత్తది 1 శాతం రకం. తేడా మాత్రం అలాగే ఉంది. ఇంకో సంగతి ఇందాక రాయలేదు. బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలిస్తే 3.80. బోర్డు 3.58 అంటోంది. పైగా పగలు బ్యాటరీ గ్రాఫ్ పైకి లేస్తోంది, రాత్రి దిగుతోంది. సోలార్ ప్యానెల్ ఏమీ లేదు, చార్జింగ్ లేదు. ఎండకి సెల్ వేడెక్కడం వల్లేమో అనుకున్నాను.

పాతకాపు · మంగళవారం ఉదయం 6:20

బాబూ, నువ్వు ఆఖర్న రాసిన ఆ బ్యాటరీ గ్రాఫ్‌లోనే జవాబుంది. అది బ్యాటరీ వేడెక్కడం కాదు. నీ బ్యాటరీ ఛానల్ (ఏడీసీలో బ్యాటరీని చదివే దారి) థర్మిస్టర్ విలువని చూపిస్తోంది. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు.

చిప్ లోపల శాంపిల్ పట్టుకునే చిన్న కెపాసిటర్ ఉంటుంది. నీ చిప్‌లో అది 14 పికోఫారడ్లు. పిన్ మీద ఉన్న వోల్టేజీ దాంట్లోకి ఎక్కాలంటే నీ రెసిస్టర్ల గుండానే ఎక్కాలి. ఉన్నది ఒక్కటే కెపాసిటర్, అన్ని ఛానళ్లూ వంతులవారీగా దాన్నే వాడుకుంటాయి. ముందు చదివిన ఛానల్ తాలూకు చార్జ్ దాంట్లో మిగిలే ఉంటుంది. కొత్త ఛానల్ దాన్ని పూర్తిగా మార్చేలోపే నువ్వు తలుపు మూసేస్తే పాతదీ కొత్తదీ కలిసిన విలువ వస్తుంది.

లెక్క వేద్దాం. 30 డిగ్రీల దగ్గర నీ థర్మిస్టర్ సుమారు 80 కె. 100 కె తో పక్కపక్కన కలిపితే ఏడీసీకి కనిపించేది దాదాపు 45 కె. దాన్ని 14 పికోతో గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటర్ దాదాపు మూడింట రెండొంతులు సర్దుకోవడానికి పట్టే సమయం) 0.63 మైక్రోసెకను. ఈ చిప్ కన్వర్షన్ మొదలుపెట్టాక 1.5 ఏడీసీ క్లాకుల దగ్గర శాంపిల్ పట్టుకుంటుంది. నీ క్లాక్ 1 మెగాహెర్ట్జ్ కాబట్టి దానికి దొరికింది 1.5 మైక్రోసెకన్లు, అంటే రెండున్నర టైమ్ కాన్‌స్టంట్లు కూడా లేవు. ఇంకా 9 శాతం పాత చార్జే. 10 బిట్లలో సగం మెట్టు లోపలికి రావాలంటే కనీసం 7.6 టైమ్ కాన్‌స్టంట్లు కావాలి.

నువ్వు థర్మిస్టర్‌కి ముందు చదువుతున్నది 1.1 వోల్టులు. థర్మిస్టర్ ఉండాల్సింది 1.83. తేడా 0.73 వోల్టు. అందులో 9 శాతం 66 మిల్లీవోల్టులు. నీ సర్క్యూట్‌లో డిగ్రీకి సుమారు 35 మిల్లీవోల్టులు. భాగించు, 1.9 డిగ్రీలు వస్తుంది. నీకు తక్కువ పడుతున్నది సరిగ్గా అంతే.

బ్యాటరీ ఛానల్ సంగతి ఇంకా దారుణం. రెండు మెగ్‌ల నడుమ నుంచి చూస్తే 500 కె. టైమ్ కాన్‌స్టంట్ 7 మైక్రోసెకన్లు. 1.5 మైక్రోసెకన్లలో కెపాసిటర్ ఐదో వంతు కూడా మారదు. అందుకే అది ముందు చదివిన థర్మిస్టర్‌నే మళ్లీ చెబుతోంది.

నా మాట నమ్మేయకు. ఒక పరీక్ష చెయ్యి. ఈ చిప్‌లో సున్నా వోల్టుల ఛానల్ ఒకటి లోపలే ఉంది. థర్మిస్టర్‌కి ముందు 1.1 బదులు దాన్ని చదువు. నేను చెప్పింది నిజమైతే ఉష్ణోగ్రత ఇంకా కిందకి, 25 దగ్గరికి పడాలి. తర్వాత థర్మిస్టర్‌నే వరసగా మూడుసార్లు చదివి మూడు విలువలూ విడివిడిగా రాసుకో.

చెరువుగట్టు · మంగళవారం రాత్రి 8:50

అంకుల్, మీరు చెప్పినట్టే జరిగింది! బకెట్ నీళ్లలో పెట్టి చేశాను, థర్మామీటర్ 29.8 మీద ఉంది.

ముందు 1.1 చదివితే: 27.9
ముందు సున్నా చదివితే: 25.2
1.1 తర్వాత థర్మిస్టర్ మూడుసార్లు: 27.9, 29.6, 29.8

మూడో రీడింగ్‌కి థర్మామీటర్‌తో కలిసిపోయింది. మూడు రోజులు నేను థర్మిస్టర్ ఫార్ములాలో తప్పు వెతుకుతూ కూర్చున్నాను. సగటు తీస్తే అంతా సర్దుకుంటుందనుకున్నాను.

పాతకాపు · మంగళవారం రాత్రి 9:05

సగటు గజిబిజిని తగ్గిస్తుంది. ఒకే వైపుకి లాగే తప్పుని 16 సార్లు కొలిచినా, వెయ్యిసార్లు కొలిచినా అది అలాగే ఉంటుంది. ఇప్పుడు క్లాక్ తగ్గించు. డేటాషీట్ 10 బిట్లకి 50 నుంచి 200 కిలోహెర్ట్జ్ మధ్య ఉంచమంటుంది, సిగ్నల్ ఇచ్చే వైపు 10 కె లోపు ఉంటే మంచిదని కూడా అంటుంది. 8 మెగాహెర్ట్జ్‌ని 64తో భాగిస్తే 125 కిలోహెర్ట్జ్. అప్పుడు శాంపిల్‌కి 12 మైక్రోసెకన్లు దొరుకుతాయి.

చెరువుగట్టు · మంగళవారం రాత్రి 9:20

తగ్గిస్తే బ్యాటరీ తొందరగా అయిపోదా? ఎనిమిది రెట్లు ఎక్కువసేపు మెలకువగా ఉంటుంది కదా.

నిద్రమోడ్ · మంగళవారం రాత్రి 10:30

ఇది నా రోజువారీ పని కాబట్టి చెప్తాను తమ్ముడూ. ఈ భయం చాలామందిలో చూశాను, దీనివల్లే కొలతలు పాడవుతాయి. కాగితం తీసి లెక్క వెయ్యి.

ఒక కన్వర్షన్ 13 క్లాకులు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 13 మైక్రోసెకన్లు, 125 కిలోహెర్ట్జ్ దగ్గర 104. తేడా 91 మైక్రోసెకన్లు. మెలకువలో చిప్ 4 మిల్లీఆంప్స్ తింటుందనుకో. పది నిమిషాలకి ఒక కన్వర్షన్ చొప్పున సగటు తీస్తే అదనంగా పడేది 0.6 నానోఆంపియర్. నీలా 16 సార్లు మూడేసి, మొత్తం 48 కన్వర్షన్లు చేసినా 29 నానో.

నీ బ్యాటరీ డివైడర్ ఒక్కటే రాత్రీ పగలూ 1.9 మైక్రోఆంపియర్లు తాగుతోంది. అంటే 1900 నానో. నువ్వు క్లాక్ పెంచి మిగిల్చింది అందులో అరవై ఐదో వంతు అటూ ఇటూ. దానికోసం రెండు డిగ్రీలు పోగొట్టుకున్నావు.

ఇంకా అడుగుతాను, బ్యాటరీ నుంచి 3.3 వోల్టులు తయారుచేసే నీ రెగ్యులేటర్ ఏది? ఏఎమ్ఎస్1117 అయితే అది ఊరికే కూర్చుని మిల్లీఆంపియర్లలో తింటుంది. ఎంసీపీ1700 లాంటిదైతే రెండు మైక్రోల లోపే. ముందు అక్కడ చూడు. ఏడీసీ దగ్గర తొందరపడకు. కొలిచే ఆ కాసేపూ దానికి కావలసినంత టైమ్ ఇవ్వు, మిగతా 599 సెకన్లు నిజంగా నిద్రపోయేలా చూడు. నిద్రకి ముందు ఏడీసీని ఆఫ్ చెయ్యడం మర్చిపోకు. స్లీప్‌లోకి వెళ్లినంత మాత్రాన అది దానంతటది ఆగదు.

టంకం · మంగళవారం రాత్రి 11:10

నేను 16 బిట్ల మాడ్యూల్ పెట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే దాని డేటాషీట్ మళ్లీ తెరిచాను. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (ఇన్‌పుట్ వైపు కరెంటుకి ఉండే అడ్డు) కూడా కొన్ని మెగా ఓమ్‌లే. 500 కె డివైడర్‌కి తగిలిస్తే అది కూడా చాలా శాతం కిందకి లాగేస్తుంది. తప్పు విలువనే 16 బిట్ల వివరంతో చూపించేది.

నేను ఎప్పుడూ చేసే పని ఒకటి చెప్తాను: ఏడీసీ పిన్ దగ్గర చిన్న కెపాసిటర్ గ్రౌండ్‌కి. ఎంత పెట్టాలి పాతకాపు గారూ? నేను అలవాటుగా 100 నానో పెడతాను.

పాతకాపు · బుధవారం ఉదయం 6:10

మంచి మాట. పిన్ దగ్గర నిండుగా ఉన్న కుండ పెడితే లోపలి 14 పికో అనే చిన్న గ్లాసు అందులోంచి ఒక్క క్షణంలో ముంచుకుంటుంది, కుండలో నీటి మట్టం తగ్గినట్టే ఉండదు. 10 నానో పెడితే 14 పికో దాంట్లో 0.14 శాతం. 0.73 వోల్టు తేడాకి 1 మిల్లీవోల్టు. మన మెట్టు 3.2 మిల్లీవోల్టులు కాబట్టి థర్మిస్టర్ వైపు 10 నానో చాలు.

100 నానో పెడితే ఇంకా మంచిదే అనిపిస్తుంది కానీ ఆ కుండ నిండాలి కదా. థర్మిస్టర్ డివైడర్‌ని నువ్వు ప్రతిసారీ కొత్తగా ఆన్ చేస్తున్నావు. 45 కె, 100 నానో అంటే 4.5 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్, సర్దుకోవడానికి 35 మిల్లీసెకన్లు ఆగాలి. 10 నానో అయితే 4 మిల్లీసెకన్లు చాలు. బ్యాటరీ డివైడర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి అక్కడ 100 నానో పెట్టు. కానీ దాన్ని గబగబా వందలసార్లు చదవకు. ఒక్కో చదువుకి కుండలోంచి కొంచెం పోతుంది, 500 కె గుండా మళ్లీ నిండడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. పది నిమిషాలకి ఒకటో రెండో సార్లు చదివితే ఏ ఇబ్బందీ లేదు.

మల్టీమీటర్‌తో ఆ డివైడర్ మధ్యలో కొలిచి ఏడీసీని అనుమానించకు. మీటర్ సొంత ఇంపిడెన్స్ మామూలుగా 10 మెగ్. 500 కె మీద అదే 5 శాతం తక్కువ చూపిస్తుంది. సెల్ కాళ్ల మీదే కొలువు.

నిద్రమోడ్ · బుధవారం ఉదయం 9:15

ఇంకొకటి కలుపుతాను. ఆ లోపలి 1.1 రిఫరెన్స్ చిప్‌ని బట్టి 1.0 నుంచి 1.2 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. దాన్నిబట్టి వోల్టులు లెక్కించేటట్టయితే ఒక్కో చిప్‌కి ఒకసారి కొలిచి ఆ విలువని ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసుకో. థర్మిస్టర్‌కి మాత్రం ఆ బాధ లేదు. డివైడర్‌కీ ఏడీసీకీ అదే 3.3 కాబట్టి సప్లై కాస్త అటూ ఇటూ అయినా నిష్పత్తి మారదు.

మాత్రిక · బుధవారం మధ్యాహ్నం 1:30

ఈ చర్చ చదువుతుంటే నా థీసిస్ కళ్ల ముందు కనిపించింది. నేను హైదరాబాద్‌లో 10 బిట్ల తక్కువ పవర్ ఎస్ఏఆర్ (ఒక్కో బిట్‌నీ పోల్చుకుంటూ తేల్చే రకం) ఏడీసీ డిజైన్ మీద పని చేస్తున్నాను, 180 నానోమీటర్ల చిప్ తయారీ ప్రాసెస్‌లో. చిప్ లోపల మేం పడే పాట్లు కూడా ఇవే, స్కేల్ మాత్రం వేరు.

ఆ శాంపిల్ కెపాసిటర్‌ని ఇంకా చిన్నది చేస్తే పోలేదా అని చెరువుగట్టుకి అనిపించవచ్చు. చిన్నదైతే త్వరగా నిండుతుంది, పవర్ కూడా తగ్గుతుంది. కానీ ప్రతి కెపాసిటర్ మీదా ఉష్ణ నాయిస్ (వేడి వల్ల వచ్చే గజిబిజి) ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 1 పికోఫారడ్ మీద 64 మైక్రోవోల్టులు. అది సగం కావాలంటే కెపాసిటర్ నాలుగు రెట్లు కావాలి. నాయిస్‌కి కట్టుబడిన డిజైన్‌లో ఒక్క బిట్ ఎక్కువ కావాలంటే పవర్ నాలుగు రెట్లు పెరుగుతుందనేది ఇక్కడి నుంచే వస్తుంది. అయితే 10 బిట్లలో మమ్మల్ని ముందు ఆపేది నాయిస్ కాదు, కెపాసిటర్ల పోలిక. 1024 యూనిట్ కెపాసిటర్లు ఒకేలా రావాలి. సరిగ్గా మధ్య కోడ్ దగ్గర 512 యూనిట్లు ఒకేసారి వచ్చి 511 దిగిపోతాయి. అక్కడ పోలిక తేడా సుమారు 32 రెట్లు పెరుగుతుంది. తప్పు మూడు సిగ్మాల వరకూ (అంటే దాదాపు అన్ని చిప్‌లలోనూ) సగం మెట్టు దాటకూడదంటే ఒక్కో యూనిట్ అర శాతం లోపు కలవాలి. లేఅవుట్‌లో నేను నెలలు గడిపింది దీనిమీదే.

చార్జ్‌ని కెపాసిటర్ల మధ్య పంచుతూ ఏడీసీ కట్టే పద్ధతిని 1975లో బర్క్‌లీలో మెక్‌క్రీరీ, గ్రే చూపించారు. 2008 ఐఎస్ఎస్‌సీసీ అనే చిప్ డిజైన్ సదస్సులో వాన్ ఎల్జాకర్ బృందం అదే కుటుంబపు 10 బిట్ల ఏడీసీని సెకనుకి పది లక్షల శాంపిళ్ల వేగంతో, 1.9 మైక్రోవాట్లలో నడిపించింది. 2010లో తైవాన్ నుంచి వచ్చిన మోనోటానిక్ స్విచింగ్ (కెపాసిటర్లని ఒకే దిశలో మార్చే పద్ధతి) పేపర్ స్విచింగ్ శక్తిని 81 శాతం తగ్గించింది. నేను మొదట అదే వాడాను. దాని ధర తర్వాత తెలిసింది. ఒక్కో బిట్‌కీ కంపారేటర్ (రెండు వోల్టేజీలని పోల్చే భాగం) ఇన్‌పుట్ కామన్ మోడ్ (ఆ రెండింటి సగటు) కిందకి జారిపోతూ ఉంటుంది, దాంతోపాటే కంపారేటర్ ఆఫ్‌సెట్ (పోల్చడంలో ఉండే తప్పు) మారుతుంది, లీనియారిటీ (మెట్లన్నీ సమానంగా ఉండడం) చెడిపోతుంది. కంపారేటర్ బయాస్ మళ్లీ సరిచేసుకున్నాకే గాడిన పడింది.

పాతకాపు గారు చెప్పిన పాత చార్జ్ సంగతికి మా దగ్గర మందు ఉంది. బిట్ల బరువుల్ని ఖచ్చితంగా రెట్టింపులుగా కాకుండా కొంచెం తక్కువ నిష్పత్తిలో పెట్టి, ఒకటి రెండు అదనపు అడుగులు కలుపుతాం. మొదటి బిట్ల దగ్గర వోల్టేజీ పూర్తిగా సర్దుకోకపోయినా తర్వాతి బిట్లు దిద్దుకునే వీలుంటుంది. కానీ శాంపిల్ పట్టుకునేటప్పుడే లోపలికి తప్పు వచ్చేస్తే ఆ తర్వాత చిప్ లోపల ఎవరూ దిద్దలేరు. ఆ భాగం బోర్డు చేసేవాళ్ల చేతుల్లోనే ఉంది.

చెరువుగట్టు · శనివారం ఉదయం 7:40

అందరికీ ధన్యవాదాలు. క్లాక్ 125 కిలోహెర్ట్జ్ చేశాను, థర్మిస్టర్ దగ్గర 10 నానో, బ్యాటరీ దగ్గర 100 నానో పెట్టాను. మొదటి చెరువు బోర్డు మూడు రోజులుగా థర్మామీటర్‌కి 0.2 లోపే ఉంది. బ్యాటరీ 3.79 అంటోంది. గ్రాఫ్ గీత గీసినట్టు ఉంది.

రెండో చెరువు బోర్డు మాత్రం ఏడిపిస్తోంది. పగలంతా బాగుంటుంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు వరకు 0.6 డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. ఎండ రాగానే సర్దుకుంటుంది. సర్క్యూట్ ఒకటే, కోడ్ ఒకటే.

టంకం · శనివారం ఉదయం 8:05

దీనికి నేను చెప్తాను. ఆ బోర్డుని ఇప్పుడే డబ్బాలోంచి తీసి, థర్మిస్టర్ వైరు అతికించిన చోట ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడు. కాళ్ల మధ్య తేనెరంగు జిగురు మరక కనిపిస్తుందా? వేలు పెడితే అంటుకుంటుందా?

చెరువుగట్టు · శనివారం ఉదయం 8:30

ఉందన్నా. రెండు ప్యాడ్‌ల మధ్య కలిసిపోయి ఉంది. మీద తెల్లగా పొడి పట్టింది. వేలికి జిగటగా తగిలింది. ఈ బోర్డుకి వైరు నేనే చెరువు దగ్గర అతికించాను, తుడవలేదు.

టంకం · శనివారం ఉదయం 8:50

ఫ్లక్స్ అది, టంకం వేసేటప్పుడు వాడే జిగురు. చెరువు గాలిలో ఉప్పు దాని మీద పడింది, తెల్లవారుజామున మంచుకి తడిసి కరెంటు దారిగా మారుతోంది. నా షాపుకి ఇలాంటి బోర్డులు వానాకాలంలో చాలా వస్తాయి. ఏసీ గదిలో బాగా పనిచేస్తాయి, కస్టమర్ ఇంటికెళ్తే మళ్లీ మొదలు. ఒకసారి ఒక తూకం మిషన్ బోర్డుని మూడుసార్లు వెనక్కి పంపాను, బాగానే ఉందని చెప్పి. నాలుగోసారి కాంపొనెంట్ల మీద నోటితో ఊదాను. డిస్‌ప్లేలో అంకెలు నా కళ్ల ముందే పరిగెత్తాయి. అప్పటి నుంచి హై ఇంపిడెన్స్ (పెద్ద రెసిస్టెన్స్‌ల) చోటు ఉన్న ప్రతి బోర్డు మీదా ఒకసారి ఊది చూస్తాను.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. మరకని పక్కకి తోసి వదిలెయ్యకు, ఆల్కహాల్ మళ్లీ పోసి శుభ్రమైన గుడ్డతో ఒత్తి తీసెయ్. బాగా ఆరాక కన్‌ఫార్మల్ కోటింగ్ (బోర్డుకి తడి తగలకుండా వేసేది) రెండు పూతలు. తడి లోపల ఉండగా కోటింగ్ వేస్తే లోపలే బంధించినట్టవుతుంది, జాగ్రత్త.

పాతకాపు · శనివారం ఉదయం 10:00

టంకం గారి మాటకి లెక్క కూడా సరిపోతుంది. 0.6 డిగ్రీ అంటే థర్మిస్టర్ రెసిస్టెన్స్ రెండున్నర శాతం తగ్గినట్టు కనిపించాలి. 80 కె కి పక్కన 3 మెగ్‌ల దారి ఏర్పడితే అంత తగ్గుతుంది. తడిసిన ఫ్లక్స్‌కి అది పెద్ద విషయం కాదు.

శుభ్రం చెయ్యి. దాంతోపాటు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది, క్షమించు. అసలు 100 కె ఎందుకు? కరెంటు మిగులుతుందని కదా. కానీ డివైడర్‌ని నువ్వు పది నిమిషాలకి 4 మిల్లీసెకన్లు మాత్రమే ఆన్ చేస్తున్నావు. 10 కె థర్మిస్టర్, 10 కె రెసిస్టర్ పెడితే ఆ కాసేపు 180 మైక్రోఆంపియర్లు వెళ్తుంది. సగటున చూస్తే 1.2 నానోఆంపియర్. బ్యాటరీకి అది తెలియను కూడా తెలియదు. ఏడీసీకి కనిపించేది 4.5 కె, డేటాషీట్ అడిగిన 10 కె లోపే. అదే 3 మెగ్ తడి దారి ఏర్పడినా తప్పు 0.06 డిగ్రీకి పడిపోతుంది.

ఒక్క జాగ్రత్త. సప్లై ఇచ్చే అవుట్‌పుట్ పిన్‌కి సొంతంగా పదుల ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. 100 కె దగ్గర అది లెక్కలోకి రాదు, 10 కె దగ్గర 0.1 డిగ్రీ దాకా రావొచ్చు. ఐస్ ముక్కలు కలిపిన నీళ్లలో ఒకసారి, చెరువు నీళ్ల వేడి దగ్గర ఒకసారి థర్మామీటర్‌తో పోల్చి సరిచేసుకుంటే అదీ పోతుంది.

నిద్రమోడ్ · శనివారం ఉదయం 10:25

చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు తిరుగుతుంటాయి కదా. థర్మిస్టర్ వైరు పొడవైతే కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుర్రు పట్టుకుంటుంది. 16 రీడింగులు ఒకేసారి గుప్పించకుండా 1.25 మిల్లీసెకన్ల ఎడంతో తీసుకో. మొత్తం 20 మిల్లీసెకన్లు, సరిగ్గా ఒక సైకిల్. సగటులో ఆ గుర్రు తనంతట తనే కొట్టుకుపోతుంది. డివైడర్ అప్పుడు 24 మిల్లీసెకన్లు ఆన్‌లో ఉంటుంది, అయినా సగటున 7 నానోఆంపియర్లే.

చెరువుగట్టు · మరుసటి బుధవారం ఉదయం 6:15

రెండు బోర్డులకీ 10 కె వేశాను. రెండో బోర్డుని టంకం అన్న చెప్పినట్టు కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టి కోటింగ్ వేశాను. రీడింగుల మధ్య ఎడం కూడా పెట్టాను, ఏరేటర్లు ఆన్ అయినప్పుడు ఇంతకుముందు ఎగిరే గీత ఇప్పుడు కదలడం లేదు.

ఇవాళ నాలుగున్నరకి లేచి టార్చ్ తీసుకుని రెండో చెరువు గట్టు మీదకి వెళ్లాను. డబ్బా మీద మంచు నీళ్లు కారుతున్నాయి. థర్మామీటర్ 27.4. ఫోన్‌లో 27.5 ఉంది. నాన్న కూడా వచ్చి రెండూ చూశారు. ఈ పూట చెక్ ట్రేలో (ఎంత తిన్నాయో చూసుకునే పళ్లెంలో) మేత తగ్గించి వేయమని పనివాళ్లకి చెప్పారు.

ఊది కూడా చూశానన్నా. అంకె కదల్లేదు.